డైనమో వెలుతురు పడినంత మేర

పాలకొల్లు చుట్టుపక్కల పల్లెటూళ్ళలో 1980ల్లో పెరిగిన మగపిల్లలకి రాత్రిపూట సైకిల్ తొక్కడం నేర్పింది సెకండ్ షో. ఫస్ట్ షో ఆడవాళ్ళది, ముసలివాళ్ళది, చంకలో పిల్లలున్నవాళ్ళది. రాత్రి భోజనాలయ్యాక, ఇంట్లో పెద్దాయన మంచం ఎక్కాక, చప్పుడు కాకుండా సైకిల్ని అరుగు మీంచి దింపుకుని పోయేది సెకండ్ షోకి. ఫ్రీవీల్ టకటకమంటే నాన్న లేస్తాడని వీధి చివరిదాకా వెనక చక్రం ఎత్తి పట్టుకుని నడిపించుకెళ్ళేవాణ్ణి.

ఆట వదిలేసరికి ఒంటిగంట అయ్యేది. సైకిల్ స్టాండులో వందల సైకిళ్ళు, ఒకదాని పెడల్ ఇంకోదాని పుల్లల్లో ఇరుక్కుని ఉండేవి. టోకెన్ ముక్క కోసం జేబులు తడుముకునేవాడు ఒకడు, తాళంచెవి హాల్లో పారేసుకున్నవాడు ఒకడు, సీటు కవరు ఎవడో కాజేశాడని అరిచేవాడు ఒకడు. ఆ గోలంతా దాటి బయటికొస్తే రోడ్డు నిండా సైకిళ్ళే. బస్సులు లేవు, లారీ ఎప్పుడో ఒకటి. ఎడమవైపే తొక్కాలన్న నియమం ఆ వేళప్పుడు ఎవరికీ గుర్తుండేది కాదు. నలుగురైదుగురు వరసగా, రోడ్డు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పరుచుకుని, సినిమా కథ మొత్తం మళ్ళీ చెప్పుకుంటూ తొక్కేవాళ్ళం. టౌను దాటాక మొదటి అడ్డరోడ్డు దగ్గర ఓ పదిమంది విడిపోయేవాళ్ళు. లాకుల దగ్గర ఇంకొంతమంది. ఒక్కో ఊరి దారి వచ్చినప్పుడల్లా గుంపు పల్చబడేది, మాటలు తగ్గేవి. మా ఊరు ఆ దారిలో చివరాఖరుది. పైగా మా ఇల్లు కాలువ అవతల, పుంత దారిలో. వంతెన దగ్గర మిగిలినవాళ్ళు కూడా ఊళ్ళోకి తిరిగిపోతే, అక్కణ్ణించి నేనొక్కణ్ణే.

ఆ పుంత పక్కనే శ్మశానం. దాని తర్వాత తాటితోపు. పగలు గేదెల్ని తోలుకెళ్ళే దారే. అర్ధరాత్రి దాటాక మాత్రం పొట్టలో ఏదో కదిలేది. గట్టిగా పాడుకుంటూ, ఆయాసం వస్తున్నా పాట ఆపకుండా, సీటు మీంచి లేచి తొక్కేవాణ్ణి. తాటాకు గలగలమంటే చాలు, వెనక ఎవరో క్యారేజీ మీద కూర్చున్నారనిపించేది. బరువు కూడా పెరిగినట్టు ఉండేది, నిజంగా. ఇంటికొచ్చి పడుకున్నాక ఆ భయమే తియ్యగా ఉండేది. మళ్ళీ వారం ఇంకో సినిమా ఏముందా అని ఆలోచించేవాణ్ణి. సినిమాలు చాలావరకు మర్చిపోయాను. ఆ పుంత మాత్రం గజం గజం గుర్తుంది.

మొదట్లో నా సైకిల్‌కి లైటు లేదు. వెన్నెల రాత్రులు ఇబ్బంది లేదు. అమావాస్య రోజుల్లో మూడు బ్యాటరీల టార్చిలైటు హ్యాండిల్‌కి ట్యూబు ముక్కతో కట్టేవాణ్ణి. టౌన్లో లైటు లేకుండా తిరిగితే పోలీసులు ఆపేవాళ్ళు, డబుల్స్ వెళ్తే కూడా ఆపేవాళ్ళు. లైటు లేకుండా డబుల్స్ వెళ్ళేవాడి గతి ఇక చెప్పక్కర్లేదు, రెండు చక్రాల్లోనూ గాలి తీసి నడిపించేవాళ్ళు. సెంటరు రాకముందే దిగిపోయి, దాటాక ఎక్కే విద్య అందరికీ వచ్చు.

తర్వాత మా బాబాయి తన పాత డైనమో నాకిచ్చాడు. ఈ తరానికి బాటిల్ డైనమో అంటే చూపించాలి, చెబితే అర్థం కాదు. చిన్న సీసా ఆకారం, తల మీద గీతలున్న చిన్న చక్రం. నొక్కితే స్ప్రింగు మీద వాలి ఆ చక్రం టైరు పక్కకి ఆనుకుంటుంది. టైరు తిరిగితే అదీ తిరుగుతుంది, లోపల అయస్కాంతం తీగచుట్టలో తిరుగుతుంది, కరెంటు పుడుతుంది. ఆరు వోల్టులు, మూడు వాట్లు. ముందు బల్బు 2.4 వాట్లు, వెనక ఎర్రబల్బు 0.6 వాట్లు, సరిగ్గా సరిపోయేవి. అందులో ఒక చిక్కు. వెనక చిన్న బల్బు ఎప్పుడైనా మాడిపోతే ఆ కరెంటు కూడా ముందు బల్బుకే పోయి, కాస్త జోరుగా తొక్కగానే అదీ పోయేది. జేబులో అగ్గిపెట్టెలో దూది పెట్టి రెండు బల్బులు దాచుకుని తిరగడం అలా అలవాటైంది. వానలో టైరు తడిస్తే డైనమో జారిపోయి లైటు మిణుకుమిణుకుమనేది.

అది వేశాక తొక్కడం బరువవుతుంది. ఆ బరువే నాకు ఇష్టం. జోరుగా తొక్కితే తెల్లటి వెలుగు, నెమ్మదిస్తే పసుపు, ఆగితే చీకటి. నా కాళ్ళు ఎంత తిరిగితే అంత దారి కనిపిస్తుంది. ముందు పది పదిహేను గజాలు, అంతకు మించి ఏమీ లేదు. పగలు రోడ్డు తిన్నగా కనిపించి ఇంకా ఇంత ఉందా అని ప్రాణం ఉసూరుమంటుంది. రాత్రి ఆ పది గజాలు తొక్కితే ఇంకో పది గజాలు వస్తాయి. దూరం అన్నది ఎక్కడా కనబడదు. పైగా పక్కనున్న గడ్డిపరక, మైలురాయి వెలుతుర్లోకి వచ్చి చటుక్కున మాయమవుతుంటే, పగటికంటే రెండింతలు జోరుగా పోతున్నామనిపిస్తుంది. గడియారం చూస్తే అంతే టైము పట్టి ఉంటుంది. అయినా ఆ జోరు అబద్ధమని నేనెప్పుడూ ఒప్పుకోలేదు.

మా డెల్టా కూడా అందుకు తగ్గదే. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తిచేశాక తవ్విన కాలువల మీద ఒకప్పుడు పడవలు తిరిగేవి. ఆ గట్ల వెంబడే మా రోడ్లు. ఎక్కడా మెరక ఉండదు, వంతెన ఎక్కడమే మాకు కొండ ఎక్కడం. పగలు నరసాపురం వైపు వెళ్తుంటే సముద్రపు గాలి ఎదురు కొట్టి చంపుతుంది. రాత్రికి అది పడిపోతుంది. గాలి ఆగితే వాసనలు నిలబడతాయి. కళ్ళు మూసుకున్నా ఎక్కడున్నామో చెప్పొచ్చు. బెల్లం వండే పొయ్యి దాటామంటే ఫలానా ఊరు, చేపలు ఎండబెట్టిన వాసన వస్తే కాలువ మలుపు, ధాన్యం ఉడకబెట్టిన ఆవిరి వాసన వస్తే రైస్ మిల్లు. లాకుల దగ్గర నీళ్ళ హోరు అర మైలు ముందే వినబడేది. వేసవిలో కాలువ కట్టేశాక ఆ హోరు ఉండదు. ఆ రోజుల్లో రాత్రి అటుగా వెళ్తే ఏదో తక్కువైనట్టు ఉండి, లాకులు దాటిపోయిన సంగతి కూడా తెలిసేది కాదు.

బాబాయి ఆ రైస్ మిల్లులోనే గుమస్తా. కోతల రోజుల్లో మిల్లు రాత్రీ పగలూ ఆడేది, ఆయన ఏ రెండింటికో ఇంటికొచ్చేవాడు. చాలా తక్కువ మాట్లాడే మనిషి. పండక్కి ఇంటినిండా జనం ఉన్నా స్తంభానికి ఆనుకుని పేపరు చదువుకుంటూ ఉండేవాడు. కానీ రాత్రి సైకిల్ విషయంలో మాత్రం ఆయన దగ్గర చాలా కిటుకులు ఉండేవి. ఎదురుగా లారీ వస్తే దాని లైటు వైపు చూడకూడదు, రోడ్డు ఎడమ అంచు మీదే చూపు పెట్టుకోవాలి. ఒక కన్ను మూసుకోవాలి. లారీ పోయాక ఆ కన్ను తెరిస్తే చీకటికి అలవాటు పడ్డ చూపు అలాగే ఉంటుంది. లేకపోతే కాసేపు గుడ్డివాళ్ళమే. ఎద్దుబండి ఎదురైతే బెల్లు కొట్టి లాభం లేదు, బండివాడు నిద్రపోతుంటాడు, ఎద్దులు మాత్రం మేలుకునే ఉంటాయి, వాటికి దారి ఇవ్వాలి. ఇరుసు కింద వేలాడే లాంతరు కనిపిస్తే దానికి గజం ఎడంగా పోవాలి, గడ్డిమోపు అంత వెడల్పు ఉంటుంది.

పంక్చరు పడితే ఏం చెయ్యాలో కూడా ఆయన దగ్గరే చూశాను. రాత్రి ట్యూబుని నీళ్ళలో ముంచినా బుడగ కనబడదు. ట్యూబులో గాలి కొట్టి పెదాల దగ్గర పెట్టుకుని నెమ్మదిగా తిప్పుకుంటూ పోతే చిల్లు ఉన్నచోట చల్లగా తగులుతుంది. ఆ చోటు గుర్తుపెట్టుకుని, రెండో సైకిల్ని స్టాండు వేసి, దాని డైనమో టైరుకి ఆనించి, చేత్తో పెడల్ తిప్పుతుంటే లైటు వెలుగుతుంది. ఒకడు తిప్పాలి, ఇంకొకడు సొల్యూషన్ రాసి ప్యాచీ వెయ్యాలి. ఆ తిప్పే పని నాది. తిప్పుతూ తిప్పుతూ దోమని కొట్టుకోవడానికి ఆపితే, "వెలుగు, వెలుగు" అని కసిరేవాడు.

నేను ఇంటర్ చదివే ఏడాది మాఘమాసంలో బాబాయి అంతర్వేది తీర్థానికి బయల్దేరుతూ నన్ను రమ్మన్నాడు. మాఘ శుద్ధ దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కళ్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశి రోజు రథం. చుట్టుపక్కల జనమంతా బస్సులు, ట్రాక్టర్లు, పడవలు పట్టుకుని పోయేవాళ్ళు. బాబాయికి బస్సు అంటే గిట్టదు. చెరో సైకిల్ మీద చీకటి పడ్డాక బయల్దేరాం. పిన్ని పులిహోర కట్టిచ్చింది, మఫ్లరు చుట్టుకోమంది. దశమి చంద్రుడు నడినెత్తిన ఉన్నాడు. సంక్రాంతి పోయి దాళ్వా నాట్లు పడ్డ రోజులు, చేలనిండా నీళ్ళు, రోడ్డుకి రెండు వైపులా వెన్నెలే. పాలకొల్లులో క్షీరారామలింగేశ్వరుడి గాలిగోపురం ఆ వెన్నెల్లో నల్లగా, పగటికంటే ఎత్తుగా కనిపించింది. డైనమో వెయ్యనివ్వలేదు బాబాయి. "చంద్రుడుండగా దీపమెందుకురా, కాళ్ళు నొప్పి తప్ప" అన్నాడు.

నరసాపురం రేవులో పంటు ఎక్కాలి. తీర్థం రోజుల్లో పంటు రాత్రి కూడా తిరిగేది. లాంచీ పక్కన కట్టిన పెద్ద బల్లకట్టు, దాని మీద మనుషులు, సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, ఒక మేకపిల్ల. వశిష్ఠ గోదావరి మధ్యకి వెళ్ళేసరికి చలి ఎముకల్లోకి దిగింది. అవతల సఖినేటిపల్లి రేవులో దిగి కొబ్బరితోటల మధ్య మళ్ళీ సైకిల్. అక్కణ్ణించి దారిపొడుగునా జనం, నడిచేవాళ్ళు, బళ్ళు, గోవిందలు, జీళ్ళ దుకాణాలు, పెట్రోమాక్సు లైట్లు. అక్కడ తొక్కింది తక్కువ, నడిచింది ఎక్కువ. గుడి దగ్గర ఇసక వేస్తే రాలని జనం. కళ్ళెత్తి చూస్తే లైట్‌హౌస్ వెలుగు కొబ్బరి తలల మీదుగా తిరుగుతోంది. కళ్యాణం దూరాన్నించే చూశాం. చూశాం అనడం కంటే మైకులో విన్నాం అనడం సబబు. పులిహోర తిని, గోదావరి సముద్రంలో కలిసేచోట అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్దాం అన్నాన్నేను. రథం చూడకుండా వెళ్ళడమేంటని గొడవ కూడా పెట్టాను. "పొద్దున్న మిల్లుకి పోవాలి" అన్నాడు బాబాయి. అంతే.

కాబట్టి లోకమంతా అంతర్వేదికి వస్తుంటే మేమిద్దరం ఎదురు వెళ్ళాం. నాకు కోపం. సఖినేటిపల్లి దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనకి అదేమీ పట్టినట్టు లేదు, మాట్లాడకపోవడం ఆయనకి సౌకర్యమే. పంటు దిగి నరసాపురం దాటేసరికి చంద్రుడు పడమట బాగా దిగిపోయాడు. ఇంకాసేపటికి తోటల వెనక్కి పోయాడు. మంచు మొదలైంది. ఇద్దరం డైనమోలు వేశాం. రెండు లైట్లు రోడ్డు మీద పక్కపక్కన, అప్పుడప్పుడు ఒకదాని మీద ఒకటి. నేను కోపంతో జోరుగా తొక్కితే నా లైటు ముందుకు పోతోంది. ఆయనా జోరు పెంచి వచ్చి పక్కన చేరుతున్నాడు. అలా రెండు మూడుసార్లు అయ్యాక ఉన్నట్టుండి అన్నాడు.

"ఏలూరు దాకా తొక్కాన్రా నేను, ఒక రాత్రి."

చైనా యుద్ధం తర్వాత మిలటరీలోకి జనాన్ని విరివిగా తీసుకుంటున్న రోజులట. ఆయనకి పంతొమ్మిదేళ్ళు. తాతయ్యకి చెబితే పంపడని, నాటకం చూడ్డానికి వెళ్తున్నానని చెప్పి సైకిల్ తీశాడు. వీరవాసరం, భీమవరం, గణపవరం, అక్కణ్ణించి ఉంగుటూరు దగ్గర మద్రాసు–కలకత్తా ట్రంకు రోడ్డు. లైటు లేదు. చుక్కల వెలుతుర్లో రోడ్డు తెల్లగా కనబడుతుంది, చెట్ల కింద మాత్రం ఆకాశం సందు చూసుకుని తొక్కాలి. తెల్లారేసరికి ఏలూరు చేరి, కాలువలో మొహం కడుక్కుని వరసలో నిలబడ్డాడు. ఛాతీ కొలత చాల్లేదన్నారు. పది నిమిషాల్లో అయిపోయింది.

"మరి ఎప్పుడొచ్చావ్ బాబాయ్?"

"పగలొస్తే దారిలో అందరూ అడుగుతారు కదరా. అక్కడే ఓ సత్రం అరుగు మీద సాయంత్రందాకా పడుకుని, మళ్ళీ చీకటి పడ్డాక బయల్దేరా."

ఆయన గొంతులో బాధేమీ లేదు. వెళ్ళేటప్పుడు కంటే వచ్చేటప్పుడు బావుందని కూడా అన్నాడు. వెళ్ళేటప్పుడు టైముకి చేరాలని టెన్షన్, వచ్చేటప్పుడు ఏమీ లేదు, తొక్కడమే. గణపవరం దగ్గర ఒక బండివాడు మేలుకుని ఉండి, చుట్ట ఇచ్చాడట. చుట్ట కాల్చడం ఆ రాత్రే మొదలట. పిన్నికి కూడా ఈ సంగతి తెలీదు అన్నాడు. చుట్ట సంగతి కాదు, ఏలూరు సంగతి.

నేను పక్కకి తిరిగి చూశాను. ఆయన మొహం కనబడలేదు, మఫ్లరు చుట్టిన తల నల్లగా కనబడింది. కనబడి ఉంటే చెప్పేవాడు కాదని ఇప్పుడు అనిపిస్తుంది. ఎదురెదురుగా కూర్చుంటే కళ్ళలోకి చూడాలి, ఏదో ఒకటి అనాలి. పక్కపక్కన తొక్కుతుంటే ఇద్దరి చూపూ రోడ్డు మీదే. మాట ఆగినా చైను చప్పుడు, డైనమో గురగురా ఉంటాయి, వెలితి ఉండదు. తర్వాతి రోజుల్లో స్నేహితుల దగ్గర కూడా ఇది గమనించాను. ప్రేమ సంగతులు, ఇంట్లో అప్పుల సంగతులు, పరీక్ష తప్పిన సంగతులు అన్నీ సెకండ్ షో నుంచి వచ్చేటప్పుడే బయటపడేవి, అదీ గుంపు పల్చబడ్డాకే. టీ కొట్టు దగ్గర గంటలు గంటలు కూర్చున్నప్పుడు ఒక్కడూ నోరు విప్పేవాడు కాదు.

హైదరాబాద్ వచ్చాక రాత్రి సైకిల్ వేరే సంగతి. 1991లో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. పేజీలు వదిలేసరికి రెండయ్యేది. మిగతావాళ్ళని ఇళ్ళ దగ్గర దింపే వ్యాను ఉండేది, నేను ఎక్కేవాణ్ణి కాదు. లక్డీకాపూల్ నుంచి చిక్కడపల్లిలో నా గదికి దగ్గర దారి వేరే ఉంది. చుట్టే అయినా టాంక్‌బండ్ మీదికి పోయి తిరిగి వచ్చేవాణ్ణి. అక్కడ డైనమో అక్కర్లేదు, సోడియం లైట్లు రోడ్డంతా పసుపు పూసేవి. అక్కడ నా కాళ్ళకీ వెలుతురుకీ సంబంధం లేదు. అది కాస్త నిరాశే. కానీ ఆ వేళప్పుడు గట్టు మీద విగ్రహాలు తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు. 1990 మార్చిలో తరలిస్తుండగా సాగర్‌లో పడిపోయిన బుద్ధ విగ్రహం అప్పటికి ఇంకా నీళ్ళ అడుగునే ఉంది. అర్ధరాత్రి అటు తొక్కుతూ, అంత రాతిమనిషి ఆ నల్లటి నీళ్ళలో ఏ వైపు తిరిగి పడుకుని ఉన్నాడా అని చూసేవాణ్ణి. ఏదో కనబడుతుందన్నట్టు. 1992 డిసెంబర్‌లో నిలబెట్టేశారు. లైట్లేసి చాలా అందంగా చేశారు. నాకు మాత్రం పడుకున్నప్పుడే ఎక్కువ దగ్గర.

హైదరాబాద్ రాత్రుల్లో ఇంకో సంగతి కుక్కలు. పల్లెటూరి కుక్క మొరిగి ఊరుకుంటుంది, సిటీ కుక్కలు బ్యాచ్‌గా వస్తాయి. పారిపోయేకొద్దీ తరుముతాయి. దిగిపోయి, సైకిల్ అడ్డం పెట్టుకుని నిలబడితే వాటికి ఏం చెయ్యాలో తెలీదు. నెమ్మదిగా నడిపించుకుంటూ వాటి హద్దు దాటాలి, ప్రతి గుంపుకీ ఒక హద్దు ఉంటుంది. పెద్ద తెలివి కాదు గానీ, ఈ ఒక్క కిటుకూ బాబాయి చెప్పనిది.

తర్వాత స్కూటర్, పెళ్ళి, పిల్లలు, కారు. దాని గురించి చెప్పడానికేం లేదు.

యాభై దాటాక మా మేనల్లుడి పుణ్యమా అని మళ్ళీ రాత్రుళ్ళు తొక్కుతున్నాను. వాడికి ఈ బీఆర్‌ఎం పిచ్చి ఉంది, అదే, చాలా దూరాలు సైకిల్ తొక్కే యాత్రల పిచ్చి. అందులో ఫస్టూ సెకండూ ఉండవు, టైములోపల ముగించడమే. రెండు వందల కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, మూడు వందలకి ఇరవై, నాలుగు వందలకి ఇరవై ఏడు, ఆరు వందలకి నలభై. నాలుగేళ్ళకోసారి ఫ్రాన్స్‌లో పారిస్ నుంచి బ్రెస్ట్‌కి వెళ్ళి తిరిగొచ్చే పన్నెండు వందల కిలోమీటర్లు కూడా ఉంటుందట, తొంభై గంటల్లో. 1891లో అది పందెంగా మొదలైంది. అంటే డైనమోలు కూడా సరిగ్గా లేని రోజుల్లోనే ఎవరికో ఈ పిచ్చి పట్టింది. రాత్రి తొక్కాలంటే ముందూ వెనకా లైట్లు, మెరిసే జాకెట్టు తప్పనిసరి. లైటు లేకపోతే గాలి తియ్యరు, ఏకంగా పేరు తీసేస్తారు.

నా మొదటి మూడు వందలు సాయంత్రం హైదరాబాద్‌లో మొదలై విజయవాడ రోడ్డు మీద సూర్యాపేట దాటి వెనక్కి. చౌటుప్పల్ దాటాక చీకటి. పాత రోజుల చీకటి కాదులెండి, హైవే మీద లారీల లైట్లు, టోల్‌గేటు లైట్లు, దాబాల లైట్లు. నా హ్యాండిల్ మీదున్న ఎల్ఈడీ లైటు వేస్తే ఫర్లాంగు దూరం పట్టపగలే. కంటికి ఎంతో సుఖం. ఒక కన్ను మూసుకునే విద్య మాత్రం ఇప్పటికీ పనికొస్తోంది, పక్కన తొక్కే కుర్రాళ్ళకి నేర్పాను. నార్కెట్‌పల్లి దగ్గర దాబాలో టీ తాగుతుంటే ఒక కుర్రాడి సైకిల్ ముందు చక్రం ఇరుసు లావుగా కనిపించింది. వంగి చూస్తే డైనమో. టైరుకి ఆనేది కాదు, ఇరుసులోనే ఉంది, చప్పుడు లేదు, బరువు లేదు. దాని మీద 6 వోల్టులు, 3 వాట్లు అని రాసుంది! అదే లెక్క. ఖరీదు అడిగితే చెప్పాడు. ఆ డబ్బుతో మా ఊళ్ళో అందరికీ సైకిళ్ళు కొనొచ్చేది అప్పట్లో. ఇంత ఖరీదు పెట్టి పాత వస్తువు కొనుక్కోవడమేంటి అని మేనల్లుడు గొణిగాడు. నేనైతే ఆ చక్రాన్ని రెండుసార్లు తిప్పి, లైటు వెలగడం చూసి గానీ కదల్లేదు.

తెల్లవారుజాము మూడింటికి ఎవరికైనా కష్టమే. ఒళ్ళు నిద్ర కోసం పీకుతుంది, పెడల్ తిరుగుతూనే ఉంటుంది గానీ తిప్పేది మనమో కాదో తెలీదు. సూర్యుడు రావడానికి ముందు అరగంట రాత్రంతా లేనంత చలి వేస్తుంది. ఆ మూడింటప్పుడే మేనల్లుడు పక్కకొచ్చి, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నానని, ఇంట్లో ఇంకా చెప్పలేదని చెప్పాడు. వాడి మొహం నేను చూడలేదు. ఏలూరు సంగతి వాడికి చెప్పాలనిపించింది, చెప్పలేదు. అది నాది కాదు కదా.

ముగించి వచ్చాక బాబాయికి ఫోన్ చేశాను. ఎనభై దాటాయి ఆయనకి, చెవులు బానే పనిచేస్తున్నాయి.

"మూడు వందల కిలోమీటర్లా? ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదు బాబాయ్. వెళ్ళి మళ్ళీ అక్కడికే వచ్చాం."

"ఎవడు రమ్మన్నాడు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయనే కాసేపాగి లైటు సంగతి అడిగాడు. బ్యాటరీదని, చార్జింగ్ పెడితే రాత్రంతా వస్తుందని చెప్పాను.

"తొక్కకపోయినా వెలుగుతుందా?"

"వెలుగుతుంది."

"మరి నిద్ర రాదూ?" అన్నాడు.

వచ్చే మాఘానికి అంతర్వేది వెళ్దామనుకుంటున్నాను, మేనల్లుడు కూడా వస్తానన్నాడు. దిండి–చించినాడ వంతెన వచ్చాక గోదావరి దాటడానికి పంటే గతి కాదు, అయినా పంటు మీదే దాటాలని ఉంది. ఆ ఏడాది నేను గొడవపడి చూడకుండా వచ్చేసిన రథం ఇప్పుడు లేదు, 2020 సెప్టెంబరులో ఒక రాత్రి కాలిపోయింది, కొత్తది చేయించారు. ఈసారి ఏకాదశి దాకా ఉండి దాన్ని చూస్తాం. బాబాయి నరసాపురం రేవుదాకా ఆటోలో వస్తానంటున్నాడు, పిన్ని ఒప్పుకుంటే. పాలకొల్లు, నరసాపురం వైపు వాళ్ళెవరైనా కలుస్తానంటే దశమి సాయంత్రానికి సిద్ధంగా ఉండండి. గాలి ముందే కొట్టించుకోండి. డబుల్స్ ఎక్కించుకోను.